పరిహారం పట్టాకు, నష్టం పల్లె మొత్తానికి

వేల ఎకరాల భూసేకరణ ఎక్కడ జరిగినా చర్చ ఎకరాకు ఎంత అన్న ప్రశ్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. అమరావతి రెండో విడత భూసమీకరణ మీద నడుస్తున్న వాదనల్లోనూ, 2025లో నెల్లూరు జిల్లా కరేడు రైతులు రోడ్డెక్కినప్పుడు వచ్చిన ప్రకటనల్లోనూ ఇదే ధోరణి. ప్రభుత్వం ఒక రేటు చెబుతుంది, రైతులు మరో రేటు అడుగుతారు, మధ్యలో ఎక్కడో బేరం కుదిరితే సమస్య తీరినట్లే లెక్క. ధర న్యాయంగా ఉండాలన్నదానిలో రెండో మాట లేదు. కానీ పొలం మీద బతికేది దాని యజమాని ఒక్కడే కాదు. దాన్ని కౌలుకు చేసే రైతు, అందులో నాట్లు వేసి కలుపు తీసే కూలీలు, గట్ల మీద గడ్డి కోసుకొచ్చి గేదెను సాకే కుటుంబం, కోత అయ్యాక గొర్రెలు మేపుకునే కాపరి, ట్రాక్టరు బాడుగకు తిప్పే యువకుడు, ఇంతమంది తిండి ఆ ఎకరంతో ముడిపడి ఉంది. చెక్కు మాత్రం ఒక్క పేరు మీదే వస్తుంది. భారీ భూసేకరణలు పల్లెల్లో తెచ్చే సామాజిక మార్పుల్లో ఎక్కువ భాగం ఈ తేడా నుంచే పుడుతున్నాయి.

1894 నాటి భూసేకరణ చట్టం ఈ తేడాను పట్టించుకోలేదు. భూమిలో హక్కు చూపగలిగినవాడే దాని దృష్టిలో నష్టపోయినవాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ వలస చట్టంతోనే ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు, గనులు, ఆర్థిక మండళ్లు వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం దేశంలో ప్రాజెక్టుల వల్ల నిర్వాసితులైనవారు, జీవనాధారం కోల్పోయినవారు కలిపి సుమారు 6 కోట్ల మంది ఉంటారని సామాజిక శాస్త్రవేత్త వాల్టర్ ఫెర్నాండెజ్ అంచనా వేశారు. అంచనా అనక తప్పదు, ఎందుకంటే ఎంతమందిని కదిలించారో ప్రభుత్వాల దగ్గర పూర్తి లెక్క ఏనాడూ లేదు. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం ఈ పరిస్థితిని మార్చబోయింది. గ్రామీణ ప్రాంతాల్లో మార్కెట్ విలువను రెండింతల వరకు లెక్కగట్టి, దానికి అంతే మొత్తం సొలేషియం కలపాలన్న నిబంధన అందరికీ తెలిసిందే. దానికంటే విలువైనది మరొకటి ఉంది. నోటిఫికేషన్‌కు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతుకుతున్న వ్యవసాయ కూలీలు, కౌలుదారులు, పాలికాపులు, చేతివృత్తులవారు కూడా ప్రభావిత కుటుంబాలేనని చట్టం మొదటిసారి ఒప్పుకుంది. కుటుంబానికి ఒక ఉద్యోగం, లేదా రూ.5 లక్షలు, లేదా ఇరవై ఏళ్లపాటు నెలకు రూ.2,000 తగ్గకుండా భృతి ఇవ్వాలంది. అంతకంటే ముందు సామాజిక ప్రభావ అంచనా జరపాలని, ఏడాదిలో ఒకటికి మించి పంటలు పండే సాగునీటి భూములను వేరే దారి లేనప్పుడే తీసుకోవాలని కట్టడి చేసింది.

అయితే అదే చట్టంలో ఒక పెద్ద లోటు ఉంది. ప్రైవేటు సంస్థల కోసం భూమి తీసుకుంటే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ప్రభావిత కుటుంబాల సమ్మతి కావాలి. ఆ శాతాలను లెక్కించేటప్పుడు మాత్రం భూమి యజమానులను, ప్రభుత్వం నుంచి భూమి పొందినవారిని మాత్రమే పరిగణిస్తారు. కూలీ, కౌలుదారు సాయానికి అర్హులు, సమ్మతి చెప్పడానికి కాదు. ఒక ఊరి భూమి అంతా పోతుందా లేదా అన్న నిర్ణయంలో ఆ ఊళ్లో సగం మందికి ఓటు లేకుండా పోయింది. యజమానికి ధర నచ్చిందంటే ప్రాజెక్టుకు ఊరు ఒప్పుకున్నట్లే రికార్డుల్లోకి ఎక్కుతోంది.

ఉన్న రక్షణలను కూడా ప్రభుత్వాలు ఎక్కువ కాలం భరించలేదు. 2014 డిసెంబరు 31న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి రక్షణ, గ్రామీణ మౌలిక సదుపాయాలు, చౌక గృహనిర్మాణం, పారిశ్రామిక కారిడార్లు వంటి ఐదు రకాల పనులను సమ్మతి నుంచి, సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించబోయింది. దేశవ్యాప్త నిరసనల మధ్య అది 2015 ఆగస్టులో కాలం చెల్లిపోయింది. ఆగిపోయిందనుకున్నది రాష్ట్రాల దారిలో వచ్చింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, గుజరాత్, మహారాష్ట్ర, జార్ఖండ్ వంటి రాష్ట్రాలు తమ సవరణలతో ఇలాంటి మినహాయింపులే తెచ్చుకున్నాయి. తెలంగాణలో అంతకుముందే 2015 జులైలో 123 నంబరు జీవో వచ్చింది. భూమి అమ్మేవారితో నేరుగా ధర మాట్లాడుకుని కొనే పద్ధతి అది. కొనుగోలు కాబట్టి పునరావాస బాధ్యత ప్రభుత్వం మీద పడదు. ఉమ్మడి మెదక్ జిల్లా వ్యవసాయ కూలీలు ఈ జీవోను హైకోర్టులో సవాలు చేశారు. భూమి అమ్ముకున్నవారికి డబ్బు వచ్చింది, ఆ భూమిలో పనిచేసే తమ సంగతేమిటన్నది వారి ప్రశ్న. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ధర్మాసనం జీవోను కొట్టివేసిన తర్వాతే కూలీలకు సాయం గురించి ప్రభుత్వం అదనపు ఉత్తర్వులు ఇచ్చింది. భూసేకరణ వివాదాల చరిత్రలో ఈ కేసుకు రావలసినంత గుర్తింపు రాలేదు. సెంటు భూమి లేనివారు భూమి గురించి న్యాయస్థానానికి వెళ్లి తమ వాదన నెగ్గించుకున్న అరుదైన సందర్భం అది.

అమరావతి అనుభవాన్ని ఈ కోణంలో చూడాలి. 2015లో 29 గ్రామాల పరిధిలో సుమారు 28 వేల మంది రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. అది చట్టప్రకారం సేకరణ కాదు, సమీకరణ. ఎకరా మెట్ట భూమికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబు భూమికి 1,000 గజాలతోపాటు 450 గజాల వాణిజ్య స్థలం, ఇవికాక పదేళ్ల పాటు ఏటా కౌలు సొమ్ము ఇస్తామన్నారు. భూమి విలువ పెరిగితే అందులో యజమానికి వాటా ఉండటం ఈ పద్ధతిలోని మంచి గుణం. నగదు చేతిలో పెట్టి పంపించే పాత సేకరణ కంటే ఇది మెరుగే. చాలామంది రైతులు ఇష్టంగానే సంతకాలు చేశారన్నది కూడా నిజం. కానీ కృష్ణా తీరపు జరీబు నేలల ప్రత్యేకత వేరు. పది పదిహేను అడుగుల్లో నీరు దొరికే ఆ భూముల్లో కూరగాయలు, పూలు, అరటి, పసుపు, ఏదో ఒక పంట ఏడాది పొడవునా ఉండేది. పంట ఉన్నన్నాళ్లూ పని ఉండేది. ఉండవల్లి, పెనుమాక వంటి ఊళ్లకు పక్క గ్రామాల నుంచి కూడా కూలీలు వచ్చేవారు. భూమిలేని కుటుంబాలకు నెలకు రూ.2,500 పింఛను ప్రకటించారు. రోజు కూలి రూ.250 అనుకుంటే అది ఒక మనిషికి పది రోజుల పని. ఇంట్లో ఇద్దరు పనికి వెళితే ఐదు రోజులది. ఇలా పింఛనుకు అర్హులైన కుటుంబాలు 20 వేలకు పైగా ఉన్నాయంటే, భూమి ఇచ్చిన రైతుల సంఖ్యలో మూడింట రెండు వంతులకు మించిన కుటుంబాలు పని పోగొట్టుకున్నాయన్నమాట. కౌలు రైతుకు కౌలు రైతుగా ఆ ప్యాకేజీలో చోటే దొరకలేదు. అసైన్డ్ భూములు సాగుచేసుకుంటున్న దళిత కుటుంబాలకు పట్టా రైతులతో సమానంగా ప్లాట్లు ఇవ్వలేదు. అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం చెల్లించాలని 2004లోనే ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తేల్చి చెప్పిన తర్వాత కూడా ఇది జరిగింది.

2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చి నిర్మాణాలు ఆగిపోయినప్పుడు ఈ అసమానత బయటపడింది. రైతులకు జరిగిన అన్యాయం మీద సంవత్సరాల తరబడి ఉద్యమం సాగింది, 2022 మార్చిలో హైకోర్టు వారి పక్షాన తీర్పు ఇచ్చింది. అది న్యాయమైన పోరాటం. అదే సమయంలో కూలీలకు రెండు వైపులా తలుపులు మూసుకుపోయాయి. పొలం పని 2015లోనే పోయింది, దాని బదులు వస్తుందన్న నిర్మాణ పని 2019లో ఆగింది. రైతు చేతిలో కనీసం ప్లాటు పత్రం ఉంది. కూలీ చేతిలో ఏ పత్రమూ లేదు. ప్రాజెక్టు ఆలస్యమైనా, రద్దయినా ఆ రిస్కును ఎవరు మోస్తారన్న ప్రశ్నను మన విధాన పత్రాలు అడగవు. దేశవ్యాప్తంగా ప్రత్యేక ఆర్థిక మండళ్ల మీద కాగ్ 2014లో ఇచ్చిన నివేదిక ప్రకారం నోటిఫై చేసిన 45,635 హెక్టార్లలో కార్యకలాపాలు మొదలైంది 28,488 హెక్టార్లలోనే. మిగిలిన భూమి పంటకూ దక్కలేదు, పరిశ్రమకూ దక్కలేదు.

భూమి పోయిన ఊళ్లలో మార్పు ఇంటి లోపలి నుంచి మొదలవుతుంది. పాస్‌పుస్తకం ఎక్కువగా మగవారి పేరు మీద ఉంటుంది కాబట్టి పరిహారం వారి ఖాతాలోకే వెళ్తుంది. పొలంలో మహిళ చేసిన పనికి, పాడి మీద ఆమె తెచ్చుకున్న సొంత ఆదాయానికి ఎక్కడా లెక్క లేదు. పొలం ఉన్నప్పుడు తిండిగింజలు, పాలు, కూరగాయలు కొనకుండానే ఇంటికి వచ్చేవి. తర్వాత అన్నీ కొనాలి. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1980ల్లోనే ఇచ్చింది, అయినా పరిహారం పంపకాల్లో అక్కచెల్లెళ్ల వాటా కోర్టు దావాగా మారితే తప్ప బయటకు రాదు. డబ్బు ఒక్కసారిగా వచ్చిన ఊళ్లలో ఇళ్లు, కార్లు, కట్నాలు పెరుగుతాయి. పక్క మండలాల్లో భూమి కొనేందుకు పరిహారం పొందినవారు పోటీపడటంతో అక్కడ ధరలు, వాటితోపాటు కౌలు రేట్లు పెరుగుతాయి. ఒక ప్రాజెక్టు హద్దులకు ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న కౌలు రైతు కూడా దాని భారం మోస్తాడు. ప్రభావిత ప్రాంతం అని అధికారులు మ్యాపులో గీసే గీత ఆ ఊరి దాకా రాదు.

ఎవరి పేరు మీదా లేని భూముల విషయంలో నష్టం ఇంకా లోతుగా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలను థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించినప్పుడు రికార్డుల్లో అది పనికిరాని నేల. వాస్తవంలో ఆ చిత్తడి నేల చుట్టుపక్కల ఊళ్లకు సాగునీరు, చేపలు, పశువుల మేత ఇచ్చేది. 2010 జులై 14న అక్కడ, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. బీల మీద బతికే మత్స్యకారుడికి పట్టా లేదు కాబట్టి పరిహారం పట్టికలో గడి లేదు. పట్టా ఉన్నా రికార్డు తప్పుగా ఉంటే ఫలితం అదే. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో 2006లో కార్ల కర్మాగారం కోసం 997 ఎకరాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఆర్థికవేత్తలు ఇంటింటి సర్వే చేశారు. సగటున చూస్తే పరిహారం మార్కెట్ ధరకు దగ్గరగానే ఉంది. కానీ రెండు మూడు పంటలు పండే పొలాలు రికార్డుల్లో ఒక పంట భూములుగా నమోదై ఉండటంతో వాటి యజమానులు బాగా నష్టపోయారు, వ్యవసాయ కూలీల ఆదాయాలు దెబ్బతిన్నాయి. 2016లో సుప్రీంకోర్టు సేకరణను రద్దుచేసి భూమి తిరిగి ఇమ్మంది. అప్పటికి పదేళ్లు గడిచాయి.

నిర్వాసితులకు ఎదురయ్యే ముప్పులను ప్రపంచ బ్యాంకులో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త మైఖేల్ చెర్నియా ఎనిమిదిగా గుర్తించాడు. భూమి, ఉపాధి, ఇల్లు పోవడం మొదటి మూడు. సమాజంలో అంచుకు నెట్టబడటం, తిండికి భరోసా లేకపోవడం, అనారోగ్యం, ఉమ్మడి వనరులు దూరం కావడం, సామాజిక బంధాలు తెగిపోవడం మిగిలినవి. నగదు పరిహారం వీటిలో మొదటిదాన్ని, కొంతవరకు మూడోదాన్ని మాత్రమే తాకుతుంది. శ్రీశైలం ప్రాజెక్టు దీనికి తెలుగునేలలోని పాత సాక్ష్యం. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ముంపు గ్రామాలను బలవంతంగా ఖాళీ చేయించారు. కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామంటూ 1986లో 98 నంబరు జీవో వచ్చింది. ఆ జీవో అమలు కోసం నిర్వాసితుల పిల్లలు రాష్ట్రం విడిపోయాక కూడా రెండు రాష్ట్రాల్లోనూ ధర్నాలు చేస్తూనే వచ్చారు. పోలవరంలో లక్షకు పైగా కుటుంబాలు కదలాలి, వారిలో ఆదివాసులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 చట్టం చెబుతోంది. 2019 వరదల్లో కాఫర్ డ్యామ్ వెనుక దేవీపట్నం మండల గ్రామాలు నీట మునిగినప్పటికి ఆ పని పూర్తికాలేదు.

ఈ విమర్శకు ఎదురుగా ఒక బలమైన వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దేశ శ్రామికుల్లో దాదాపు సగం మంది వ్యవసాయంలో ఉన్నారు, జాతీయాదాయంలో ఆ రంగం వాటా ఐదో వంతు దాటదు. జనం వ్యవసాయం నుంచి బయటకు రానిదే ఆదాయాలు పెరగవు, పరిశ్రమకు, నగరానికి, రోడ్డుకు భూమి ఎక్కడో ఒకచోట కావాలి. చిన్న కమతాలున్న రైతుల పిల్లలు సాగు చేయాలని అనుకోవడం లేదు కూడా. ఇవన్నీ సరైన మాటలే. తప్పు ఎక్కడంటే, వ్యవసాయం నుంచి బయటకు రావడాన్ని, బయటకు నెట్టివేయడాన్ని ఒకటిగా చూడటంలో. రసాయన పరిశ్రమలో గానీ, డేటా సెంటర్లో గానీ నలభై ఐదేళ్ల కూలీ మహిళకు దొరికే పని సాధారణంగా ఊడ్చే పని, అదీ కాంట్రాక్టరు దయ మీద. డిగ్రీ చదివిన కొడుకున్న యజమాని కుటుంబం మారగలదు. అందుకు కావలసిన పెట్టుబడి దానికి ఉంది. మారడానికి ఏమీ లేనివారి దగ్గర నుంచే ఉన్న పని తీసుకుంటున్నాం.

భూసమీకరణను సమర్థించేవారు జపాన్ పేరు తరచుగా ఎత్తుతారు. అక్కడి నగరాల్లో పెద్ద భాగం ఆ పద్ధతిలోనే పెరిగిన మాట నిజం. కానీ జపాన్‌లో దానికి ముందు జరిగిన పని మరొకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946-50 మధ్య జరిగిన భూసంస్కరణలు కౌలు భూమిని మొత్తం సాగుభూమిలో 46 శాతం నుంచి 10 శాతానికి తగ్గించాయి. అంటే భూమి సమీకరించేనాటికి దున్నేవాడే యజమాని. 1954 భూ పునర్వ్యవస్థీకరణ చట్టం కింద సహకార సంఘం ఏర్పడాలంటే యజమానుల్లో మూడింట రెండు వంతులతోపాటు, ఇళ్లు కట్టుకోవడానికి స్థలం లీజుకు తీసుకున్నవారిలోనూ మూడింట రెండు వంతులు విడిగా ఒప్పుకోవాలి. కౌలు సేద్యం దేశంలోనే అత్యధికంగా ఉన్న కోస్తా ఆంధ్రలో ఈ పునాది లేకుండానే పైకప్పు వేశారు. సంప్రదింపులు లేకపోతే జపాన్‌లో కూడా ఏమవుతుందో నరిటా విమానాశ్రయం చూపింది. 1966లో స్థానిక రైతులను అడగకుండా స్థలం ప్రకటించారు. ప్రాణనష్టంతో కూడిన ఘర్షణల తర్వాత 1978లో ఒక్క రన్‌వేతో అది తెరుచుకుంది. 1995లో ప్రధాని మురయామా రైతులకు క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

చైనాలో గ్రామీణ భూమి సమష్టి ఆస్తి. దశాబ్దాలపాటు అక్కడ పరిహారాన్ని పంట దిగుబడి విలువకు కొన్ని రెట్లుగా లెక్కగట్టి, స్థానిక ప్రభుత్వాలు అదే భూమిని నగర ధరలకు ఇచ్చుకుని ఖజానా నింపుకున్నాయి. 2011లో గువాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని వుకాన్ గ్రామం తిరగబడటం ఆ పద్ధతి ఎక్కడికి దారితీసిందో ప్రపంచానికి చూపింది. 2020 నుంచి అమలైన సవరణ దిగుబడి లెక్కను తీసేసి, భూమి కోల్పోయిన రైతులకు వృద్ధాప్య భద్రత తదితర సామాజిక బీమా ఖర్చును విడిగా కేటాయించాలని నిర్దేశించింది. ఆఫ్రికాలో నష్టం మరోలా జరిగింది. మడగాస్కర్‌లో 13 లక్షల హెక్టార్లను ఒక దక్షిణ కొరియా సంస్థకు 99 ఏళ్ల లీజుకిచ్చే ప్రయత్నం బయటపడి, 2009లో అక్కడి అధ్యక్షుడి పతనానికి ఒక కారణమైంది. ఇథియోపియాలోని గాంబెల్లాలో బెంగళూరుకు చెందిన కరుటూరి సంస్థకు ఇచ్చిన లక్ష హెక్టార్ల లీజును ఆ ప్రభుత్వమే 2015లో రద్దుచేసింది. ఆ భూములు ఖాళీ అని కాగితాల మీద రాసుకున్నారు, అక్కడ పశువులు మేపుకునేవారు కాగితాల మీద లేరు.

తైవాన్ నుంచి మాత్రం నేరుగా నేర్చుకోగలిగింది ఒకటుంది. ప్రభుత్వం కౌలు భూమిని తీసుకుంటే, పన్ను పోగా మిగిలిన పరిహారంలో మూడో వంతు రిజిస్టరైన కౌలుదారుకు చెందాలని అక్కడి చట్టం. పశ్చిమ బెంగాల్‌లోనూ నమోదైన బర్గాదారులకు, అంటే వాటా సాగుదారులకు, నాలుగో వంతు ఇచ్చారు, సింగూరులో కూడా. నమోదు కానివారికి ఏమీ దక్కలేదు, అసలు చిక్కు అక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు కార్డుకు యజమాని సంతకం కావాలంది. పరిహారం రాబోతోందని తెలిసిన యజమాని ఏనాడూ ఆ సంతకం చేయడు. కాబట్టి నమోదును యజమాని ఇష్టానికి వదలకుండా, నోటిఫికేషన్‌కు ముందు గ్రామసభలో అందరి ఎదుట జాబితా చదివి తేల్చాలి. ఎవరు ఏ పొలం దున్నుతున్నారో ఊళ్లో తెలియనివారుండరు. పంట అమ్మకం రసీదులు, ఎరువుల కొనుగోళ్లు, ఉపాధి హామీ మస్టర్లు సాక్ష్యంగా సరిపోతాయి. పునరావాస భృతి భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో పడాలి. కూలీలకు ఇచ్చే పింఛనును వ్యవసాయ కనీస వేతనంతో ముడిపెట్టాలి, ఏళ్ల తరబడి ఒకే అంకె దగ్గర నిలిపివేయకూడదు. సామాజిక ప్రభావ అంచనా నుంచి ఇచ్చిన మినహాయింపులను వెనక్కి తీసుకోవడం వీటన్నిటికీ ముందు జరగాల్సిన పని, ఎందుకంటే ఎవరు నష్టపోతారో లెక్కించే ఒకే ఒక్క దశ అది.

దీనికి పార్లమెంటు కోసం ఎదురుచూడనక్కర్లేదు. బాధితులకు మరింత మేలు చేసేలా రాష్ట్రాలు సొంతంగా చట్టం చేసుకోవచ్చని 2013 చట్టంలోని 107వ సెక్షనే చెబుతోంది. రక్షణలను సడలించడానికి రెండు తెలుగు శాసనసభలూ చొరవ చూపాయి. కౌలుదారుకు పరిహారంలో వాటా, కూలీకి సమ్మతిలో ఓటు కల్పించేందుకు కొత్త నోటిఫికేషన్లు వెలువడకముందే అదే చొరవను మరోసారి చూపాలి.